ఇనాండా కొండలలో లిండ్లీ కుటుంబము

పాఠ్యభాగము: అపొ. కార్యములు 16:6–15
తోడు వాక్యభాగములు: అపొ. కార్యములు 15:1–21, 1 కొరింథీయులకు 3:5–9



మన పాఠ్యభాగములో పౌలు ఎదుట రెండు తలుపులు వరుసగా మూసుకున్నవి. ఆసియలో వాక్యము చెప్పకూడదని ఆటంకము కలిగింది. బితూనియకు పోదామంటే అక్కడా ఆటంకమే. త్రోయకు వచ్చి సముద్రపు ఒడ్డున ఆగిన తరువాత గాని మాసిదోనియ మనుష్యుని దర్శనము రాలేదు. ఈ భాగము చదివేటప్పుడు మనము దర్శనము దగ్గరకు త్వరగా వెళ్లిపోతాము. దానికి ముందున్న వచనములలో ఎన్ని వందల మైళ్ల నడక ఉన్నదో, ఎన్ని రాత్రులు ఆ బృందము ఏమీ తోచక కూర్చున్నదో ఆలోచించము. ఈ పాఠమునకు ఆ ముందు వచనములే ముఖ్యము. వాటిని అర్థము చేసికొనుటకు దక్షిణ ఆఫ్రికాలో జూలూ ప్రజల మధ్య అనేక సంవత్సరములు గడిపిన ఒక కుటుంబమును తీసికొందాము. వారు డేనియల్ లిండ్లీగారు, ఆయన భార్య లూసీగారు.

వీరు బాప్టిస్టులు కారని మొదటనే చెప్పవలెను. లిండ్లీగారు ప్రెస్బిటేరియన్ కాపరి. వారిని పంపిన అమెరికన్ బోర్డులో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ సంఘములవారు. బాప్తిస్మము విషయములో వారి బోధ మన బోధ కాదు. అయినను వారి కథలో మన తెలుగు మిషను చరిత్రకు దగ్గర పోలికలు ఉన్నవి. చివరకు మన తెలుగు సంఘమే ఆ కొండల దరికి చేరింది. ఆ సంగతి దాని స్థలములో చెప్పుకొందాము.

ఆరు జంటలు

లిండ్లీగారు 1801లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. ఉత్తర కరొలీనాలో ఒక మంచి సంఘమునకు కాపరిగా ఉండి, దానిని విడిచి, 1834 నవంబరులో లూసీ ఆలెన్‌గారిని వివాహము చేసికొన్నారు. డిసెంబరులో ఇద్దరూ బోస్టను రేవులో ఓడ ఎక్కారు. ఆ ఓడలో మొత్తము ఆరు జంటలు. ఆదామ్స్, చాంపియన్, గ్రౌట్ జంటలు సముద్రతీరమున ఉన్న జూలూ రాజు డింగానె యొద్దకు వెళ్లవలెను. లిండ్లీ, విల్సన్, వెనబుల్ జంటలు లోపలి దేశమున ఉన్న మ్జిలికాజి రాజు యొద్దకు వెళ్లవలెను. మ్జిలికాజి కూడా జూలూ దేశము నుండి విడిపోయి వెళ్లినవాడే. ఆ ఓడ కదలిన తొమ్మిది నెలలకు అదే బోస్టను నుండి శామ్యూల్ డేగారు మన తెలుగువారి కొరకు ఓడ ఎక్కారు. ఈ రెండు మిషనులు ఒకే కాలపు కవల పిల్లలవంటివి అనుకోవచ్చును.

1835 ఫిబ్రవరిలో వారు కేప్‌టౌన్ చేరారు. అక్కడ నుండి లిండ్లీవారి బృందము ఎద్దుల బండ్లపై వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణము చేయవలసి వచ్చింది. ఆ బండి అంటే మన ఊరి జోడెడ్ల బండి కాదు. గుడ్డ కప్పు వేసిన పొడవైన బండి, ఒక్కొక్కదానికి అనేక జతల ఎడ్లు. రాత్రి అదే ఇల్లు, పగలు అదే వాహనము. గ్రిక్వాటౌన్‌లో నెలల తరబడి ఆగి, కురుమాన్‌లో రాబర్ట్ మోఫట్‌గారిని కలిసికొని, 1836లో మోసేగా అను చోటికి చేరారు.

మోసేగాలో జరిగినది కొన్ని మాటలలో చెప్పవచ్చును, కాని అనుభవించినవారికి అది పెద్ద కాలము. ఇల్లు కట్టుకొన్నారు. మట్టినేల పూర్తిగా ఆరకముందే అందులో ప్రవేశించారు. సెప్టెంబరులో దాదాపు అందరు తీవ్రమైన జ్వరముతో, కీళ్లనొప్పులతో మంచము పట్టారు. ఆ తడినేలయే కారణమని వారు తలంచారు. డాక్టరుగా వచ్చిన విల్సన్‌గారి భార్య జేన్ గారే ఆ జ్వరములో చనిపోయారు. మిగిలినవారు ఇంకా లేవలేని స్థితిలో ఉండగానే, 1837 జనవరిలో ఒక ఉదయమున తుపాకుల మ్రోత వినిపించింది. కేప్ కాలనీ విడిచి వచ్చిన బోయర్లు, అనగా డచ్చి సంతతి రైతులు, తమ పశువులను తోలుకొని పోయిన మ్జిలికాజిపై పగ తీర్చుకొనుటకు మోసేగాపై పడ్డారు. వందల మంది చనిపోయారు. ఏ ప్రజల కొరకు వచ్చారో ఆ ప్రజలు కండ్లయెదుట చెదరిపోయారు. మిషనరీ కుటుంబములు రోగులతోనే బండ్లు ఎక్కి, ఆ దాడి చేసినవారితోనే బయటపడవలసి వచ్చింది. ఆరు నెలల తరువాత, 1837 జూలైలో, చుట్టు తిరిగి నేటాల్ రేవు చేరారు. ఇప్పటి డర్బన్ పట్టణము అదే. ఇది మొదటి మూసిన తలుపు.

తీరమున ఉన్న జంటలకు కూడా దుఃఖము తప్పలేదు. గ్రౌట్‌గారి భార్య హన్నా గారు జూలూ దేశము చూడకముందే 1836లో క్షయతో చనిపోయారు. ఒక చిన్న కుమార్తె మిగిలింది.

1838

రెండవ తలుపు మూసుకొనుటకు ఎక్కువ కాలము పట్టలేదు. నేటాల్ దేశములో భూమి కావలెనని బోయర్ల నాయకుడు పీట్ రెటీఫ్ డింగానె రాజు యొద్దకు వచ్చాడు. 1838 ఫిబ్రవరి 6న డింగానె అతనిని, అతని మనుష్యులను ఆయుధములు లేకుండా లోపలికి పిలిపించి చంపించాడు. రాజు ఊరికి ఎదురుగా ఉన్న మిట్టపైన ఫ్రాన్సిస్ ఓవెన్ అను ఇంగ్లీషు మిషనరీ తన కుటుంబముతో కాపురము ఉండెను. భయపడవద్దని, చంపుతున్నది బోయర్లనేనని రాజు ఆయనకు కబురు పంపాడు. ఆ కబురు అందుకొని ఆయన తన గుడిసె ఎదుటి కొండపై జరుగుతున్నది చూచారు. రాత్రి వారు ఎట్లు నిద్రపోయి ఉంటారు?

తరువాత యుద్ధము వచ్చింది. మిషనరీలు అందరు స్టేషనులు విడిచిపెట్టారు. లిండ్లీగారు మాత్రము పరిస్థితి కనిపెట్టుచు రేవులో కొంతకాలము ఆగి, జూలూ సేనలు రేవు మీదికి వచ్చినప్పుడు చివరకు ఓడ ఎక్కారు. వెనబుల్, విల్సన్ గార్లు మరల ఆ పనికి రాలేదు. చాంపియన్‌గారు 1841లో ఆరోగ్యము చెడి చనిపోయారు. ఆరు జంటలలో మూడు కుటుంబములే మిగిలినవి. జూలూ భాషలో అచ్చయిన చిన్న వాచకము ఒకటి, కొన్ని కాలిన గోడలు, నేర్చుకొన్న భాష. ఇదియే నాలుగు సంవత్సరముల పంట. ఒక్క విశ్వాసి కూడా లేడు.

పని మూసివేయుడి అను ఉత్తరము

1843లో బోస్టను నుండి బోర్డువారి ఉత్తరము వచ్చింది. యుద్ధములు ఆగుట లేదు, ఫలము కనిపించుట లేదు, డబ్బు ఖర్చగుచున్నది, కాబట్టి జూలూ మిషను మూసివేయుడి అని. బోర్డువారిని నిందించలేము. లెక్కలు చూస్తే మనమైనను అదే వ్రాసియుందుము. గ్రౌట్‌గారు రెండవ భార్య షార్లట్‌గారితో మరల వచ్చి జూలూ దేశములో ఒక స్టేషను పెట్టగా, అక్కడి కొత్త రాజు ఎంపాండె ఆ స్టేషను ప్రజలు తనకంటె మిషనరీకే లోబడుచున్నారని అనుమానించి వారిపై సైన్యమును పంపాడు. ఆయన పారిపోవలసి వచ్చింది. ఇప్పుడు ఈ ఉత్తరము. అమెరికాకు ఓడ ఎక్కుటకు ఆయన కేప్‌టౌన్ చేరారు. అక్కడి క్రైస్తవులు సభ కూడి, ఈ పని ఆపవద్దని చందాలు వేసి ఆయనను నిలిపారు. ఆ పట్టణపు డాక్టర్ ఫిలిప్‌గారు బోర్డుకు గట్టిగా వ్రాశారు. బోర్డువారు మనస్సు మార్చుకున్నారు. గ్రౌట్‌గారు 1844లో ఉంవోటి నది ఒడ్డున స్థిరపడ్డారు.

ఇది చదువుచున్నప్పుడు మన నెల్లూరు మీకు జ్ఞాపకము వచ్చియుండవలెను. 1848లోను, 1853లోను, 1862లోను మన తెలుగు మిషనును మూసివేయవలెనా అని అమెరికాలో చర్చ జరిగింది. పటములో ఒంటరి నక్షత్రమువలె కనిపించినందున మనకు లోన్‌స్టార్ అను పేరు వచ్చినది ఆ చర్చలలోనే. జూవెట్‌గారు తాను ఒంటరిగానైనను తిరిగి వెళ్లెదనని నిలువబడకపోతే ఈ పత్రిక చదువుచున్న మనము ఏ సంఘములో ఉండేవారమో! ఒక చోట కేప్‌టౌన్‌వారి చందా, మరియొక చోట ఒక మనిషి పట్టుదల. రెండు మిషనులు సన్నని దారముతో వ్రేలాడినవి.

ఫలము 1846లో వచ్చింది. ఆదామ్స్ డాక్టరుగారి స్టేషనులో బాప్తిస్మము పొందిన మొదటి జూలూ విశ్వాసి ఎంబులాజి అను ఒక పెద్దవయసు స్త్రీ. రాజు కాదు, యోధుడు కాదు. ఫిలిప్పీలో నదీతీరమున మొదట హృదయము తెరువబడినది కూడా ఒక స్త్రీదేనని 14వ వచనములో చూడుడి. ఎంబులాజి కుమారుడు నెంబూలా తరువాత సంఘ కాపరియైనాడు. మనుమడు అమెరికాలో వైద్యము చదివి డాక్టరు అయినాడు. ఆదామ్స్‌గారు మాత్రము ఆ ఫలమంతా చూడలేదు. రోగులను చూచుట, వాక్యము చెప్పుట, బడి నడుపుట అన్నియు తానే చేసి అలసిపోయి 1851లో చనిపోయారు.

ఇరుపక్షముల కాపరి

లిండ్లీగారు ఈ సంవత్సరములలో ఏమి చేశారు? ఇది ఆయన జీవితములో చాలమందికి అర్థము కాని భాగము. ఆయన 1841 నుండి బోయర్లకు కాపరియైనారు. మోసేగాలో తన పనిని ధ్వంసము చేసినవారికే! కేప్‌లోని డచ్చి సంఘము తమను విడిచిపోయిన ఆ రైతులకు కాపరిని పంపలేదు. బిడ్డలకు చదువు లేదు, బాప్తిస్మము లేదు, పెండ్లి చేయువాడు లేడు. లిండ్లీగారు డచ్చి భాష నేర్చుకొని, గుఱ్ఱముపై వందల మైళ్లు తిరిగి, పీటర్‌మారిట్స్‌బర్గ్ మొదలుకొని ఎత్తు మైదానముల వరకు వారికి ఆరాధనలు జరిపారు. తరువాత ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడైన పాల్ క్రూగర్ యౌవనములో ఆయన చేతనే సంఘములో చేర్చుకొనబడ్డాడు. ఫ్రీ స్టేట్‌లో లిండ్లీ అను పట్టణము ఆయన పేరనే ఉన్నది.

ఆయన ఆలోచన ఏమనగా, ఈ తెల్లవారు ఆ దేశములో ఉండబోవుచున్నారు. వారిలో దేవుని భయము లేకపోతే నల్లవారికి సువార్త చెప్పుట వ్యర్థమగును, తెల్లవారే దానిని పాడుచేయుదురు. ఈ ఆలోచన సగము నిజమైనదని నా అభిప్రాయము. ఆయన బాప్తిస్మమిచ్చిన పిల్లల మనుమలు నల్లవారి ఎడల ఎట్లు ప్రవర్తించారో చరిత్ర చెప్పుచున్నది. ఆరాధన జరుగుట వేరు, హృదయము మారుట వేరు. అయినను శత్రువు గుడారములోనికి వెళ్లి వాని బిడ్డను ఎత్తుకొన్న మనుష్యుని మనము తేలికగా కొట్టివేయరాదు.

1846లో నేటాల్‌లో నల్లవారికి భూములు కేటాయించుటకు బ్రిటిషు ప్రభుత్వము నియమించిన సంఘములో లిండ్లీగారు, ఆదామ్స్‌గారు సభ్యులు. తెల్లవారు అంతా ఆక్రమించకముందే జూలూవారికి కొంత నేల దక్కవలెనని వారి ఉద్దేశము. కొంత దక్కింది. అయితే నల్లవారికి వేరు నేల, తెల్లవారికి వేరు నేల అను ఏర్పాటుకు కూడా అదే ఒక పునాది అయినది. మంచి మనస్సుతో గీసిన గీత రాబోవు తరములకు గోడగా మారవచ్చును.

ఇనాండాలో కాపురము

1847లో లిండ్లీ కుటుంబము జూలూ పనికి తిరిగి వచ్చి, డర్బన్‌కు ఉత్తరమున ఇనాండా కొండలలో స్థిరపడింది. ఇచ్చట లూసీగారి సంగతి చెప్పకుండ ముందుకు పోరాదు. పదిమందికి పైగా బిడ్డలను కని, బండిలోను, గుడిసెలోను పెంచినది ఆమె. భర్త గుఱ్ఱముపై నెలల తరబడి తిరుగుచుండగా ఇల్లు, బడి, రోగులు, వచ్చిపోవువారు అన్నియు ఆమె చేతిమీదనే నడిచినవి. సాయంకాలము స్త్రీలకు కుట్టుపని నేర్పుట, బాలికలను ఇంటిలో పెట్టుకొని చదువు చెప్పుట ఆమె పని. మన పాత మిషను బంగళాలలో దొరసానమ్మగారు ఉయ్యూరులోనో, రామాపట్నములోనో ఏమి చేసేవారో మన నాయనమ్మలు చెప్పినదే అక్కడ కూడా.

సంఘము చేరినవారి జీవితములో కనిపించిన మార్పులలో నాకు చాల ఆసక్తి కలిగించినది నాగలి. జూలూ వారిలో పొలము స్త్రీలది, గొడ్డలితోను పారతోను త్రవ్వి విత్తేవారు. పశువులు పురుషులవి, స్త్రీలు వాటి జోలికి పోరాదు. ఎద్దును నాగలికి కట్టగానే పొలముపని పురుషుని చేతికి వచ్చింది. ఎవరూ ప్రసంగము చేయకుండానే స్త్రీ వీపుమీది భారము కొంత దిగింది. విశ్వాసులను అమాఖోల్వా అనేవారు, అనగా నమ్మినవారు. వారు నలుచదరపు ఇండ్లు కట్టుకొని, చెరకు వేసి, బండ్లు కొని సరకు తోలేవారు. నెంబూలాగారు స్వంత చెరకు గానుగ కూడా నడిపారు. ఇతర జూలూవారు వీరిని తమలోనివారు కారని చూచేవారు, తెల్లవారేమో తమతో సమానులు కారని చూచేవారు. ఇరు ప్రజల మధ్య నిలిచినవాని కష్టము పరభాషా ప్రాంతములో తరములుగా ఉన్న మనకు వివరించనక్కరలేదు.

ఇద్దరు స్త్రీలు, ఒక ఆచారము

ఇప్పుడు మన రెండవ వాక్యభాగమునకు రావలెను. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభ ఎదుట ఉన్న ప్రశ్న ఇది: అన్యులలో నుండి తిరిగినవారిపై ఎంత భారము మోపవలెను? ఇనాండాలో ఆ ప్రశ్న వివాహము రూపములో వచ్చింది.

ఇనాండా చుట్టు ఉన్నది అమాకాడి అను వంశము. ఆ వంశపు ప్రధానుని విధవరాలు మాయెంబె. ఆచారము ప్రకారము ఆమె చనిపోయిన భర్త సహోదరునికి భార్యగా వెళ్లవలెను. ఆమె ఒప్పుకొనక, కుమారుని వెంటబెట్టుకొని లిండ్లీగారి స్టేషనుకు వచ్చింది. తరువాత దలీదా అను పేరుతో బాప్తిస్మము పొంది ఆ సంఘపు తొలి విశ్వాసులలో ఒకతె అయినది. ఆమెకు స్టేషను అనగా ఆశ్రయపురము. బలవంతపు పెండ్లి తప్పించుకొని వచ్చిన బాలికలు తరువాత కూడ అనేకులు.

అదే ఆచారము ఇంకొక స్త్రీకి వేరుగా తగిలింది. ఒకనికి ముగ్గురు భార్యలు. అతడు నమ్మి బాప్తిస్మము కోరితే అమెరికన్ మిషనరీలు ఒక భార్యను మాత్రమే ఉంచుకోవలెను అన్నారు. మిగిలిన ఇద్దరు ఎక్కడికి పోవలెను? వారి బిడ్డలు ఎవరి బిడ్డలు? తప్పు చేయనివారికి శిక్ష పడినది. నేటాల్ ఆంగ్లికన్ బిషప్ కొలెంజోగారు, ముందే చేసికొన్న భార్యలను వెళ్లగొట్టనక్కరలేదు, అట్టివానికి బాప్తిస్మమియ్యవచ్చును అన్నారు. అమెరికన్ మిషనరీలు ఒప్పుకొనలేదు. 1879లో వారు నియమములు ఇంకను బిగించి, బహు భార్యలను, కన్యాశుల్కముగా పశువులిచ్చు లొబోలా ఆచారమును, జూలూ మద్యమును సంఘమునకు వెలుపల పెట్టారు. చాలమంది విశ్వాసులకు లొబోలా విషయములో నొప్పి కలిగింది. అది అమ్మకము కాదు, రెండు కుటుంబముల మధ్య నిబంధన అని వారి మాట.

ఒక స్త్రీల కూటములో ఈ పాఠము చెప్పినప్పుడు వెనుక కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి, “అయ్యా, ఆ రెండో భార్యను అడిగినారా ఎవరైనా?” అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ సభలలో మాటలాడినవారు మగవారే. కట్నము తీసికొనువానిని సంఘములో పెద్దగా కూర్చుండబెట్టి, దూరదేశపు లొబోలాను గూర్చి మనము తీర్పు తీర్చుట కూడా సులభము కాదు. మా కూటములో ఆ దినము ఆ మాట దగ్గర చాలసేపు నిశ్శబ్దము.

పందొమ్మిది మంది బాలికలు

యౌవనస్థులకు బడి ఉన్నది, బాలికలకు లేదు. చదివిన కాపరికి, ఉపాధ్యాయునికి చదివిన భార్య ఎక్కడ దొరకును అని లిండ్లీవారు బోర్డును అడిగారు. అడిగిన తీరు ఆ కాలపుది, స్త్రీకి చదువు భర్త కొరకే అన్నట్లు. ఏమైనను 1869 మార్చిలో ఇనాండా సెమినరీ పందొమ్మిది మంది బాలికలతో తెరువబడింది. మొదటి ప్రధానోపాధ్యాయిని మేరీ ఎడ్వర్డ్స్ గారు విధవరాలు. ఆమె అక్కడనే ఉండి, చూపు పోయిన తరువాత కూడా ఆ ప్రాంగణము విడువక, 1927లో తొంబది ఎనిమిదవ ఏట చనిపోయారు. ఆ బడిలో చదివినవారిలో నర్సులు, ఉపాధ్యాయినులు, డాక్టర్లు, మంత్రులు ఉన్నారు. జాతివివక్షత చట్టముల కాలములో అనేక మిషను బళ్లను ప్రభుత్వము లాగుకొన్నను ఇది నిలిచింది. 1997లో డబ్బు లేక మూయవలెనని తీర్మానము జరుగగా, అక్కడ చదివిన స్త్రీలే ముందుకు వచ్చి నిలబెట్టారు. మూసివేయుడి అను ఉత్తరము ఈ కథలో ఎన్నిసార్లు వచ్చినదో చూచితిరా!

దలీదా కుమారుడు జేమ్స్ దూబెగారు 1870లో ఇనాండా సంఘమునకు కాపరిగా అభిషేకింపబడ్డారు. లిండ్లీగారు చూచిన గొప్ప ఫలము అదే అని చెప్పవచ్చును. 1873లో లిండ్లీ దంపతులు వృద్ధాప్యములో అమెరికాకు తిరిగి వెళ్లారు. లూసీగారు 1877లో, డేనియల్‌గారు 1880లో నిద్రించారు. జూలూ భాషలో సంపూర్ణ బైబిలు అచ్చయినది 1883లో. వారిద్దరు దానిని చూడలేదు.

తరువాతి మిషనరీలు అధికారము స్థానిక కాపరులకు ఇచ్చుటలో ఆలస్యము చేశారు. 1890లలో కొన్ని జూలూ సంఘములు వేరుపడినవి. నాటినవాడు వేరు, నీళ్లు పోసినవాడు వేరు అని 1 కొరింథీయులకు 3లో చదువుకొన్నవారే, తోట తాళపుచెవి ఇచ్చుటకు చేయి చాపలేకపోయారు. మన తెలుగు సంఘములలో కూడా ఈ బాధ ఎరుగనివారు లేరు.

జేమ్స్ దూబెగారి కుమారుడు జాన్ దూబె 1871లో ఇనాండాలోనే పుట్టాడు. అమెరికాలో చదివి వచ్చి, 1901లో ఒహ్లాంగె అను పారిశ్రామిక పాఠశాల స్థాపించాడు. 1903లో జూలూ భాషలో వారపత్రిక పెట్టాడు. 1912లో ఆఫ్రికా ప్రజల జాతీయ కాంగ్రెసు పుట్టినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు అతడే. బలవంతపు పెండ్లికి ఒప్పుకొనక పారిపోయి వచ్చిన ఆ విధవరాలి మనుమడు! 1994 ఏప్రిల్ 27న నెల్సన్ మండేలాగారు తన జీవితములో మొదటి ఓటు వేయుటకు ఎన్నుకొన్న చోటు ఒహ్లాంగె పాఠశాల, దూబె సమాధి దగ్గర. గ్రౌట్‌గారి ఉంవోటి స్టేషను గ్రౌట్‌విల్ అను పేరు పొందింది. అక్కడి ఆల్బర్ట్ లుతూలీగారి తాతగారు ఆ సంఘపు మొదటి విశ్వాసులలో ఒకరు. లుతూలీగారు సంఘములో ప్రసంగీకుడు, ఆ గ్రామమునకు ప్రధాని, నోబెల్ శాంతి బహుమానము పొందిన మొదటి ఆఫ్రికా ఖండవాసి.

మనవారు అక్కడికి చేరుట

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. చెరకు తోటల కొరకు ఒప్పంద కూలీలుగా వచ్చిన మన దేశస్థుల మొదటి గుంపు అది. 1911 వరకు సుమారు 1,52,000 మంది వచ్చారు. వారిలో ఉత్తర సర్కారుల నుండి, నెల్లూరు ప్రాంతము నుండి తెలుగువారు ఎందరో. మొదటి ఓడ వచ్చిన నాటికి ఇనాండాలో లిండ్లీవారి స్టేషను ఉన్నది.

ఆ కూలీలలో మన బాప్టిస్టు విశ్వాసులు కూడా ఉండిరి. కాపరి లేడు. వారి మొర విని మన తెలుగు బాప్టిస్టు సంఘములే, తమ తెలుగు బాప్టిస్టు హోం మిషను సొసైటీ ద్వారా, 1903లో జాన్ రంగయ్యగారిని కుటుంబముతో నేటాల్‌కు పంపినవి. దానిని ఒకసారి ఆలోచించుడి. 1853లో మూసివేయవలెనా అని ఎవరిని గూర్చి చర్చించారో, ఆ ప్రజలే యాభై సంవత్సరములకు తమ మిషనరీని సముద్రము దాటించారు. రంగయ్యగారు కేర్స్నీ అను తేయాకు తోటలో సంఘమును, బడిని స్థాపించి, తోట తోటకు తిరిగి సేవ చేసి, 1915లో ఆ నేలమీదనే చనిపోయారు. కేర్స్నీకి గ్రౌట్‌విల్ కొద్ది మైళ్ల దూరము. ఒక వైపు జూలూ సంఘము, ఒక వైపు తెలుగు సంఘము, మధ్య చెరకు తోటలు. భాష వేరు, చట్టము వేరు చేసింది, ఉండవలసిన నేల కూడా వేరు చేసింది.

కూటములో ఈ పాఠము నడిపించువారు మొదట అపొ. కార్యములు 16:6–15 నిదానముగా చదివించి, పటము ఉంటే త్రోయను, ఫిలిప్పీని చూపించుడి. తరువాత ఈ ప్రశ్నలపై మాటలాడుడి. లిండ్లీగారు మోసేగాలో దాడి చేసినవారికే కాపరియైనది సరియేనా? మాయెంబెకు, పేరు తెలియని ఆ రెండవ భార్యకు సంఘము ఏమి చేయవలసి ఉండెను? యౌవనస్థులు మాత్రమే కాక స్త్రీలు కూడా జవాబు చెప్పునట్లు చూడుడి. చివరిగా, మీ వీధిలో మన ఆరాధనకు కూతవేటు దూరములో, కన్నడములోనో తమిళములోనో ఒరియాలోనో మరాఠీలోనో ఆరాధించు సంఘము ఏదో, దాని కాపరి పేరేమో మీలో ఎందరికి తెలుసునని చేతులెత్తించి లెక్కించుడి.